ఫూఫూ ముద్దకు పిస్టన్ రింగు

కేలరీని మించిన వరం మనిషికి ఇంతవరకు దొరకలేదు! నిప్పు దొరికింది, సరే. చక్రం దొరికింది, సరే. ఆ రెండూ లేకపోయినా మనిషి ఎలాగో బతికేవాడు. కేలరీ లేకుండా ఇన్ని వేల ఏళ్లు ఎలా నెట్టుకొచ్చాడన్నదే నాకు అంతుబట్టదు.

మన కుమాసి ఊరి తాతలనే తీసుకోండి. కర్రపెండలం, పచ్చి అరటికాయ ఉడకబెట్టించుకున్నారు. రోట్లో పోయించి దంచించుకున్నారు. బంకలా సాగేదాకా దంచినదాన్ని ముద్ద చేయించుకుని, మట్టి గిన్నెలో కూర్చోబెట్టించి, చుట్టూ పులుసు పోయించుకుని, నమలకుండా మింగారు. దానికి ఫూఫూ అని పేరు పెట్టారే తప్ప, దాని కడుపులో ఏముందని ఒక్కడంటే ఒక్కడు అడిగాడా? మింగడం, త్రేన్చడం, పనికి పోవడం! తొంభై ఏళ్లు బతికినవాళ్లు కూడా తాము ఎంత మింగారో తెలియకుండానే పోయారు. ఇంతకంటే దిక్కుమాలిన చావు ఉంటుందా?

మొన్నటి వానల్లో ఆ చీకటి పటాపంచలైంది. కుమాసిలో మా సువామె పేట మెకానిక్కు షెడ్ల మధ్య, తెల్ల పికప్పు మీద మైకు కట్టుకుని మేడమ్ జూలియానా బ్రెఫో దిగింది. ఆవిడది సమతుల భోజన సంఘం. ఆ సంఘాన్ని ఎవరు పెట్టారు, డబ్బెవరిస్తారు అని అడక్కండి. మంచి చేయడానికి వచ్చినవాళ్లను అలాంటి ప్రశ్నలు అడిగితే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

దిగింది ఎక్కడ? సరిగ్గా ఫూఫూ అమ్మే దుఫియమ్మ పాక ముందు! అదీ మధ్యాహ్నం, ఆకలి వేళ!

దుఫియమ్మది రేకుల పాక. ఆవిడకు ఇల్లు, పొలం, పింఛను అన్నీ ఆ పాకే. వాళ్లమ్మ అక్కడే ముద్ద తిప్పింది, ఈవిడా అక్కడే తిప్పుతోంది. తవియా అనే బండరాయిలాంటి మనిషి నిలబడి రోకలి వేస్తాడు. దుఫియమ్మ రోటి పక్కన పీట మీద కూర్చుని, రోకలి లేచినప్పుడు చెయ్యి లోపలికి, దిగేలోపు చెయ్యి బయటికి. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదని సామెత. తల పెట్టినవాణ్ని ఎవరూ చూడలేదు గానీ, ఈవిడ రోజూ ఐదు వేళ్లూ పెడుతుంది. ఐదూ ఉన్నాయి.

పికప్పు ఆగగానే తవియా రోకలి ఆపాడు.

"ఎందుకాపావురా? దంచు!" అంది దుఫియమ్మ.

"ఆఫీసు బండమ్మా."

"ఆఫీసు బండైతే? వాళ్లకేమన్నా ముద్ద గట్టిపడకుండా ఆపే మంత్రం తెలుసా? దంచరా!"

నోటితో అన్నదే గానీ ఆవిడ చూపు మాత్రం పాక పైకప్పు మీదికి పోయింది. మన ఊళ్లో ఆఫీసు బండి రేకుల పాక ముందు ఆగడమంటే సాధారణంగా ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రేకులు ఊడతాయి.

కానీ ఈ బండి రేకులు ఊడదీయడానికి రాలేదు. కళ్లు తెరిపించడానికి వచ్చింది! మేడమ్ ఒక బల్ల దింపించింది. తెల్లగుడ్డ పరిపించింది. దాని మీద గాజు మూత కింద ఒక పళ్లెం పెట్టింది. అదీ నమూనా భోజనం! అందులో నిమ్మకాయంత ఫూఫూ ముద్ద. పక్కన తలా తోకా ఉన్న పూర్తి చేప. కోడిగుడ్డు. ఆకుకూర. చిక్కుడు గింజలు. సగం కోసిన వెన్నపండు. కమలాపండు.

ఇక మైకు అందుకుంది.

"అన్నలారా! తమ్ముళ్లారా! మీరు రోజూ మింగే ఈ ఫూఫూ ముద్దలో ఎన్ని కేలరీలున్నాయో తెలుసా? ఎనిమిది వందలు! ఒక్క ముద్దలో ఎనిమిది వందలు! అంతా పిండిపదార్థమే! రెండు ముద్దలు తిన్నారనుకోండి, పదహారు వందలు! మీ ఒంటికి మీరే శత్రువులు!"

జనం గుప్‌చుప్. నూనె చేతులు, మసి మొహాలు, అందరూ నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఆవిడ మాట సూటిగా గుండెల్లో దిగిందని మేడమ్ అనుకుంది. దిగింది కూడా.

గేర్‌బాక్సుల బరిమా మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"మేడమ్, ఒక్క ముద్దకే ఎనిమిది వందలొస్తాయా?"

"వస్తాయి!"

"ఖాయమేనా? లాబరేటరీలో చూశారా?"

"లాబరేటరీలోనే చూశాం!"

"మరి కెంకేకి? అదే, మొక్కజొన్న పొత్తు మీది ఆకుల్లో చుట్టి అమ్ముతారే, ఆ పులిసిన పిండి ముద్దకి?"

"ఒక్కదానికి నాలుగు వందలే. అది నయం."

బరిమా గిరుక్కున వెనక్కి తిరిగాడు. "విన్నార్రా? నేను చెప్పలా? కెంకే తిన్నరోజు స్పానరు నన్ను తిప్పుతుందిగానీ స్పానర్ని నేను తిప్పలేనని చెప్పలా? సగం! సగం పవరే ఉందంట దాంట్లో! ఇన్నేళ్లుగా ఆ కెంకే వాళ్లు మనల్ని మోసం చేస్తున్నారు!"

"అంటే కేలరీ అంటే..." అన్నాడెవడో వెనకనుంచి.

"ఇంజనుకి హార్స్‌పవర్, మనిషికి కేలరీ. ఒకటే రా, పేర్లే వేరు. దుఫియమ్మా, నాకొక పదహారు వందలు పెట్టు!"

మేడమ్ మైకులో "కాదు, కాదు, అలా కాదు" అంటూనే ఉంది. ఎవరు వింటారు? ఎనిమిది వందల హార్స్‌పవర్ రోట్లో నలుగుతూ ఉంటే, అది కాదంటున్న మనిషి మాట సువామెలో ఎవడు వింటాడు?

చూశారా కేలరీ మహిమ! అదివరకు దుఫియమ్మ పాక ముందు బెంచీలు నిండేవి. మర్నాటి నుంచి వీధి నిండింది. తవియాకి తోడుగా ఇంకో దంచేవాణ్ని పెట్టుకోవాల్సి వచ్చింది. లారీ టర్బో బిగించేవాళ్లు రెండు ముద్దలు, పంక్చర్లు వేసేవాళ్లు ఒక ముద్ద, హారన్లు బాగుచేసేవాడు సగం ముద్ద. ఎవడి పనికి ఎంత కావాలో వాడికి తెలిసిపోయింది! ఇంత సైన్సు మా సువామెకి ఎప్పుడైనా అందిందా?

ఎదురు వరసలో పాక ఉన్న పోమా ఊరుకుంటుందా? గోడ మీద సుద్దతో రాయించింది: ఇచ్చట ముద్ద తొమ్మిది వందలు.

దుఫియమ్మ గరిటె పట్టుకుని వీధి మధ్యకొచ్చింది.

"ఏమే పోమా, ఎప్పుడు పెరిగాయే నీ ముద్దలో వంద? రాత్రి వాటికి పిల్లలు పుట్టాయా?"

"నా అరటికాయ మంచిది అక్కా. నీది చెప్పులకి అట్టలేయడానికి పనికొస్తుంది!"

"నీ ముద్దకి తొమ్మిది వందలైతే, నా ముద్ద తిన్నవాడు బండెక్కకుండా అంత దూరం అక్రా పోయి, సాయంత్రానికి తిరిగొస్తాడు!"

జనం ఈలలు. వ్యాపారం రెండు పాకల్లోనూ పెరిగింది. ఇద్దరు ఆడవాళ్లు జీవితంలో మొదటిసారి ఒకే అంకె గురించి పోట్లాడుకున్నారు. ఇది అభివృద్ధి కాదా?

అక్కడితో ఆగిందా? కుమాసి మొత్తం పాకింది! మా పేటలో ఒకడు పొద్దుపోయి ఇంటికొచ్చి ఆకలి లేదన్నాడు. అదివరకైతే భార్య సణిగి ఊరుకునేది. ఇప్పుడు గుమ్మంలో నిలబెట్టి, "ఎవరింట్లో రోకలి చప్పుడైంది? ఎన్ని వందలు మింగొచ్చావ్?" అని సూటిగా అడిగింది. నిజం బయటపడింది. కేలరీ లేకపోతే పడేదా?

షేర్ వ్యాన్ల కండక్టర్లు సీటుకి నలుగురు అని లెక్కపెట్టడం మానేశారు. మనిషిని కిందికీ పైకీ చూసి, "నువ్వు మూడు వేల కేలరీలున్నావ్, అవతలి సీటుకెళ్లు" అంటున్నారు. శనివారం చావు భోజనాల్లో సంతాపానికి ఎర్రబట్టలు, నల్లబట్టలు కట్టుకున్న బంధువులు ఏడుపాపి, ఏడిస్తే ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో వాదించుకుని, ఖర్చైనవన్నీ అక్కడే తిరిగి పూడ్చుకున్నారు. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో పాపానికి కేలరీలు కట్టారు. అన్నిటికంటే బరువైనది పక్కవాడి గిన్నెలోకి చూడటమట. చెబుతూ చెబుతూ ముందు వరుసలోని దాతల పొట్టల మీదికి చూపు పోయి, ఆ వాక్యం మధ్యలోనే ఆమెన్ అనేశారు.

ఇక సంఘం ఆఫీసు సంగతి! అక్కడి పరీక్షాధికారుల శ్రద్ధ చూస్తే కళ్లు చెమరుస్తాయి. పాక పాక నుంచీ ఫూఫూ నమూనాలు తెప్పించేవారు. పరీక్ష కోసం! ఒక్క ముద్ద పరీక్షిస్తే ఫలితం తేలదని మూడు. ముద్ద ఒక్కటే పరీక్షిస్తే న్యాయం కాదని మేకమాంసం పులుసుతో సహా. ఎంత దీక్షగా పరీక్షించేవారంటే సాయంత్రానికి గిన్నెలు కడగాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. మర్నాడు ఫలితం అడిగితే, "ఇంకా తేలలేదు, మళ్లీ పంపండి" అనేవారు. సైన్సు అంటే ఓపిక, అయ్యా!

ఒక్క మేడమ్ జూలియానా మాత్రం ఆ పరీక్షల్లో పాల్గొనలేదు. ఆవిడ నిజాయితీపరురాలు, అదే వచ్చిన చిక్కు. పొద్దున్నే ఒక బొప్పాయి ముక్క తిని, ఎండలో తిరిగి, మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. తను భయపెడుతున్న కొద్దీ ఫూఫూ అమ్మకాలు పెరుగుతున్నాయని తెలిసి ఆవిడకు నిద్ర పట్టలేదు. ఆఫీసుకెళ్లి, షెడ్ల మీద పెత్తనమున్న పెద్దల దగ్గర ఒక ఆర్డరు పుట్టించుకొచ్చింది. ఇకమీదట ముద్ద సైజు సంఘం చెప్పినంతే ఉండాలి. మీరితే పాకకు తాళం!

సైజు ఎలా కొలవాలి? మొదట తక్కెడ తెచ్చారు. ఫూఫూ తక్కెడకు అంటుకుపోయింది. గీకితే తక్కెడ వచ్చింది, ఫూఫూ రాలేదు. చేత్తో కొలుద్దామంటే ఎవరి చెయ్యి? తవియా గుప్పిట ఒకటి, మేడమ్ గుప్పిట ఒకటి. అప్పుడు మేడమ్ కళ్లు బరిమా మేస్త్రీ బల్ల మీద పడ్డాయి. అక్కడ గాజంత ఉన్న ఒక టాక్సీ పిస్టన్ రింగు మెరుస్తోంది.

ఆవిడ దాన్ని ఎత్తి అందరికీ చూపించింది. "ఇదీ కొలత! ఈ రింగులోంచి దూరిన ముద్దే ముద్ద. దూరనిది అమ్మితే తాళం!"

"మేడమ్, అది టాక్సీ రింగు!" బరిమా లబోదిబోమన్నాడు. "చిన్న బండిది! మేం మోసేది లారీ గేర్‌బాక్సులు! కొలతంటూ పెడితే లారీ రింగన్నా పెట్టండి! పోనీ బస్సుది!"

"టాక్సీదే!"

"కనీసం వ్యానుది..."

"టాక్సీదే!"

మర్నాడు దుఫియమ్మ రింగు కొలత ప్రకారమే ముద్దలు చేసింది. చేయకేం చేస్తుంది? తాళం పడితే రోలు ఎక్కడ పెట్టుకోవాలి? బతుకు ఎక్కడ పెట్టుకోవాలి? బుద్ధిగా గిన్నెలో చిన్న ముద్ద పెట్టి, రోజూ పోసే పులుసే పోసింది. రోజూ వేసే ముక్కే వేసింది: బొటనవేలంత ఎండు చేప, లేదా ఆవుతోలు ముక్క. మాంసం సంగతి అడక్కండి. అది పండగలకి, లేదా పరీక్షాధికారులకి.

బరిమా గిన్నెలోకి తొంగి చూశాడు. వేలు పెట్టి కెలికాడు.

"అమ్మా, నా ముద్ద కనపడటంలా."

"ఉంది చూడరా."

"మునిగిపోయింది! పాపం, ఈత రాదు కాబోలు."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే మూడు కబళాలకి లేచిపోయారు, ఎందుకంటే నాలుగో కబళానికి గిన్నెలో ఏమీ లేదు. నవ్వు ఒక గంట నిలిచింది, ఆ తర్వాత ఆకలి మళ్లీ వచ్చింది. సాయంత్రం బరిమా ఒక లారీ గేర్‌బాక్సు బిగించి ఇచ్చాడు. డ్రైవరు మొదటి గేరు వేసి ముందుకు పోదామనుకున్నాడు. లారీ వెనక్కొచ్చి పోమా పాకలో దూరింది. పోమా ఏడుపు, డ్రైవరు తిట్లు! బరిమా మేస్త్రీ ముప్ఫై ఏళ్ల పనిలో అలాంటి పొరపాటు ఎరగడు. తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు.

ఇదే కదా మేడమ్ కోరుకున్నది? మనిషి బరువు తగ్గాడు, బండి వెనక్కి నడిచింది. రెండూ కొత్త విషయాలే!

మర్నాటికి బెంచీలు సగం ఖాళీ. మూడో రోజుకి ఇద్దరు దంచేవాళ్లలో ఒకడు, "అమ్మా, నేను ఇసుక లారీల మీదకి పోతా" అని దండం పెట్టాడు. చిన్న ముద్ద చేస్తే గిరాకీ పోతుంది, పెద్ద ముద్ద చేస్తే పాక పోతుంది. దుఫియమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏం చేద్దామమ్మా?" అన్నాడు తవియా.

"దంచుదాం."

"దంచితే?"

"దంచితే మెత్తబడుతుందిరా. మెత్తబడితే ఎందులోంచైనా దూరుతుంది. నువ్వు దంచు, బాగా దంచు. రింగు కాదు, సూది బెజ్జంలోంచి దూరేదాకా దంచు!"

శుక్రవారం తనిఖీ. మేడమ్ వచ్చింది. చేతిలో రింగు, పికప్పు డ్రైవరు చేతిలో తాళం. నమూనా భోజనం కూడా వచ్చింది, గాజు మూత కింద, మహారాణిలా. సువామె అంతా అక్కడే ఉంది. టైరు మధ్యలో వదిలేసినవాళ్లు, బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చినవాళ్లు.

దుఫియమ్మ బల్ల మీద ముద్ద పెట్టింది. ముద్దా అది? ఫుట్‌బాలు! నిగనిగలాడుతూ, నున్నగా, ఎక్కడా ఒక్క పలుకు లేకుండా. జనం ఒక్కసారిగా "ఓ..." అన్నారు.

"ఇది రింగులోంచి దూరుతుందా పెద్దమ్మా?" మేడమ్ గొంతులో జాలి కూడా ఉంది.

"ఆర్డరులో ఏముంది తల్లీ?"

"రింగులోంచి దూరాలని."

"అంతేనా? ఇంకేం లేదా?"

"అంతే."

దుఫియమ్మ రింగు తీసుకుంది. నీళ్లలో ముంచింది. ఒక అంచు పోమా చేతికిచ్చింది. అవునండీ, పోమా చేతికే! లారీ దూరినప్పట్నుంచీ పోమా ఇటువైపుకొచ్చేసింది. ఇంకో అంచు తవియా పట్టుకున్నాడు. దుఫియమ్మ చేతులు తడుపుకుని, ముద్దను రింగు మీద ఆనించి, మెల్లగా నొక్కింది.

ఫూఫూ సాగింది. రింగులోంచి తొంగి చూసింది. నాలుకలా కిందికి దిగింది, ఏనుగు తొండంలా ఊగింది, సాగి, సాగి, జారి, చివరి పిసరుతో సహా టప్పుమని అడుగునున్న గిన్నెలో పడింది. పడి, ఒక్క క్షణం ఆలోచించుకుని, గుండ్రంగా సర్దుకుని కూర్చుంది. మళ్లీ ఫుట్‌బాలు!

ఆ రోజు సువామెలో లేచిన కేకకి, రోడ్డవతల చాన్నాళ్లుగా స్టార్టవ్వని బస్సొకటి దానంతటదే స్టార్టయిందని చెప్పుకుంటారు. నేను చూడలేదు. కాదనే ధైర్యమూ లేదు.

"దూరింది మేడమ్! ఆర్డరు ప్రకారం దూరింది!" బరిమా ఎగిరి గంతులేశాడు.

"ఇది మోసం!" మేడమ్ రింగు లాక్కుంది. "నొక్కి దూర్చడం కాదు! నేను మీ మంచికి చెబుతున్నాను, మీకు ఆటగా ఉందా? మీలో ఎంతమందికి షుగరుందో తెలుసా? బీపీ ఉందో తెలుసా? మా నాన్న ఇలాగే మింగి మింగి, యాభై నిండకుండా పోయాడు! డ్రైవర్, తాళం వెయ్యి!"

నవ్వు ఆగిపోయింది. ఆవిడ అబద్ధమాడటం లేదని అందరికీ అర్థమైంది. డ్రైవరు తాళం తీసి తలుపు లేని పాకకు ఎక్కడ వేయాలా అని వెతుకుతున్నాడు. తవియా రోలుకు అడ్డంగా నిలబడ్డాడు. దుఫియమ్మ అతన్ని పక్కకు జరిపింది.

"ఆగు తల్లీ. నువ్వు చెప్పింది నిజమే. మా ఆయన కాళ్లు పోయింది కూడా షుగరుతోనే. వేసుకో తాళం, కాదనను. కాకపోతే ఒక్క మాట. నువ్వు తిప్పుకుంటున్న ఆ పళ్లెం ఉందే, అదేగా నువ్వు మమ్మల్ని తినమన్నది?"

"అదే. చూడండి, ఎంత బాగుందో!"

"బాగుంది. చాలా బాగుంది. ఇందులో ముద్దకి రింగు పెట్టావు. ఈ చేపకి రింగేది?"

"చేపకా?"

"ఆ. ముద్ద ఇంతకంటే పెరగకూడదని ఒకటి తెచ్చావుగా. చేప ఇంతకంటే తగ్గకూడదని ఇంకోటి తే. ఈ గుడ్డుకొకటి, చిక్కుడు గింజలకొకటి. ముద్ద తగ్గిన చోట్లోకి అవి రావాలిగా? అవొస్తే నేనెందుకు ఇంతలావు దంచుతా? నా రెక్కలకేం సరదానా?"

బరిమా అప్పటికే షెడ్డులోకి పరిగెత్తి, లారీ ఫ్లైవీలుకు చుట్టూ ఉండే పెద్ద పళ్ల రింగు మెడలో వేసుకొచ్చాడు. "ఇది పెడదాం మేడమ్! చేప దీని అంచులు తాకాలి, తాకకపోతే తాళం! ఎవరికి తాళం వేయాలో మీరే చెప్పండి!"

"మాకు కూలిచ్చేవాళ్లకి వేద్దామా?" అన్నాడొకడు.

"చేపల రేటు పెంచినవాళ్లకి?"

"మీ ఆఫీసుకి?"

మేడమ్ ఒకరి తర్వాత ఒకరి వైపు తిరిగింది.

"చూడండి... తగ్గించడం వరకే మా శాఖ. పెట్టడం మా శాఖ కాదు."

"మరి పెట్టే శాఖ ఎక్కడుంది తల్లీ?" అంది దుఫియమ్మ. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. "దారి చెప్పు. గిన్నెలు తీసుకుని అందరం పోతాం. ఎంత దూరమైనా పోతాం."

మేడమ్ దారి చెప్పలేదు. తెలిస్తేగా! ఆ శాఖ ఏ మేడలో, ఏ అంతస్తులో ఉందో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకూ చెప్పండి.

ఒంటిగంట దాటింది. ఎండ మండుతోంది. మేడమ్ పొద్దున తిన్న బొప్పాయి ముక్క ఎప్పుడో కరిగిపోయింది. భోజనాల వేళ వచ్చిన మనిషిని, శత్రువైనా సరే, చెయ్యి కడుక్కోమనకుండా పంపే అలవాటు మన అసాంతే తెగవాళ్లకి లేదు. పిలిచాక కాదనే అలవాటూ లేదు. దుఫియమ్మ నీళ్ల చెంబు అందించింది.

"రా తల్లీ. కూర్చో."

మేడమ్ కూర్చుంది. దుఫియమ్మ ఆవిడకు ఆర్డరు ప్రకారమే వడ్డించింది. నొక్కలేదు, సాగదీయలేదు. టాక్సీ రింగులోంచి తేలిగ్గా దూరే న్యాయమైన ముద్ద. చుట్టూ సువామె పులుసు. అందులో సువామె ముక్క, బొటనవేలంత ఎండు చేప.

మేడమ్ కుడిచెయ్యి గిన్నెలో పెట్టింది. ఒక కబళం. రెండు. మూడు. నాలుగోసారి వేళ్లు పులుసులో తిరిగి తిరిగి ఒట్టిగానే బయటికొచ్చాయి. ఆవిడ గిన్నె వంక చూసింది. గాజు మూత వైపు చూసింది. ఆ చేప మైనంతో చేసింది అయ్యా! దూరం నుంచి ఎవరికీ తెలియలేదు గానీ, దగ్గర కూర్చుంటే పొలుసుల మీద రంగు పెచ్చులూడటం కనపడుతోంది. అంత చేప రోజూ కొని ఊరంతా తిప్పడానికి సంఘం దగ్గర డబ్బుల్లేవట.

మేడమ్ గిన్నె కాస్త ముందుకు జరిపింది. తర్వాత, మైకు లేకుండా, ఎదురుగా ఉన్న మనిషికి మాత్రమే వినిపించేలా అంది:

"పెద్దమ్మా... ఇంకాస్త ముద్ద ఉందా?"

దుఫియమ్మ రింగు వైపు చూడనైనా లేదు. ఫుట్‌బాలు నుంచి ఒక పెద్ద పాయ తుంచి గిన్నెలో పెట్టి, "తిను తల్లీ, గొంతెండిపోయింది నీకు" అంది. డ్రైవరు కూడా తాళం బెంచీ కింద పెట్టి చేతులు కడుక్కున్నాడు.

పాక నిలబడింది. సంఘం వేరే మార్కెట్టుకి తరలిపోయింది. ముద్ద పెరిగింది గిన్నెలో చేప తరిగినందుకే అని మేడమ్ ఒక రిపోర్టు పంపిందట. పరీక్షాధికారులు దాన్ని కూడా పరీక్షిస్తున్నారు.

అందుకే మళ్లీ అంటున్నాను, కేలరీ వరమే! లెక్కపెట్టండి బాబూ, బాగా లెక్కపెట్టండి. మా ముద్ద నుంచే మొదలుపెట్టండి, మాకేం అభ్యంతరం లేదు. షుగరు మాకూ ఉంది, చావు మాకూ భయమే. కాకపోతే ముద్ద దగ్గరే ఆగిపోకండి. పులుసులోకి దిగండి. గిన్నె అడుగుదాకా చెయ్యి పెట్టి, చేప ఉండాల్సిన చోట తడమండి. అక్కడ దొరికింది ఎంతో, దాన్ని కూడా మైకులో చెప్పండి. ఇంతే గట్టిగా, ఊరంతా వినపడేలా.

ఆ అంకె దగ్గరికొచ్చేసరికి మీకు గొంతు పెగలకపోతే, చెయ్యి కడుక్కుని లేవండి. వెనక ఆకలితో ఉన్నవాళ్లు నిలబడి ఉన్నారు.